అడ్రినలిన్ ఎవరి చేతిలో ఉండాలి?

మా అబ్బాయి చదివే స్కూలు పేరెంట్స్ గ్రూపులో ఈమధ్య ఒక చర్చ రేగింది. మూడో తరగతిలో ఒక పాపకి జీడిపప్పు పడదు. వాళ్ళమ్మగారు ఎపిపెన్ (ఎలర్జీ ప్రాణం మీదకి తెస్తే తొడలో పొడవడానికి అడ్రినలిన్ మందు నింపి ఉంచే పెన్ను) ఫోటో ఒకటి పెట్టి, "అమెరికాలో చాలా స్కూళ్ళలో ఇవి ఉంటాయట, మనమూ తలా కొంత వేసుకుని తెప్పిద్దామా అండీ" అని అడిగారు. సాయంత్రానికి గ్రూపు రెండుగా చీలింది. పిల్లల ప్రాణం కంటే డబ్బు ఎక్కువా అని ఒక పక్షం. మన చిన్నప్పుడు ఈ ఎలర్జీలెక్కడున్నాయండీ, మట్టిలో ఆడుకోనిస్తే అన్నీ పోతాయి అని ఇంకో పక్షం. ఈ గొడవ మధ్యలోనే ఎవరో వినాయకుడి బొమ్మతో శుభసాయంత్రం కూడా చెప్పారు. మందుల షాపు వాణ్ణి కాబట్టి తిరిగి తిరిగి ప్రశ్న నా మీదకే వచ్చింది: మీ దగ్గర దొరుకుతుందా?

దొరకదు. మా కోనసీమలోనే కాదు, పెద్ద ఊళ్ళోనైనా మామూలు మందుల షాపుకి వెళ్ళి అడిగితే అరలోంచి తీసి చేతిలో పెట్టే వస్తువు కాదది. కానీ ఆ పెన్నులో ఉండే మందు నా షాపులో ఎప్పుడూ ఉంటుంది. చిన్న గాజు ఆంప్యూల్, లోపల ఒక మిల్లీలీటరు అడ్రినలిన్. ఖరీదు పదుల రూపాయల్లోనే. అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నది, ప్రతి పీహెచ్‌సీలోనూ ఉండాల్సినది. నర్సింగ్ హోముల వాళ్ళు తప్ప నా దగ్గర దాన్ని కొనేవాళ్ళు లేరు.

స్కూలుకి పెన్ను కొనడం దండగని గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పాను. పిసినారి లెక్కలనుకున్నారు. నా లెక్క అది కాదు. ఎలర్జీ డబ్బున్నవాళ్ళ రోగమనీ అనడం లేదు. ఆ పాప తల్లి భయం నిజమైన భయం. మనకి కొరత పెన్నుది కాదని మాత్రమే నేననేది. పది నిమిషాల్లో వెయ్యాల్సిన మందుని వేసే అధికారం, ధైర్యం పక్కనున్న మనిషికి లేకపోవడం అసలు కొరత. ఆ సంగతి తేలకుండా పెన్ను తెప్పిస్తే అది హెచ్‌ఎం గారి బీరువాలో తాళం వేసి భద్రంగా ఉంటుంది.

స్ప్రింగుకి కట్టే డబ్బు

సంక్రాంతికి మా పెద్దమ్మ కూతురు డాలస్ నుంచి వచ్చింది. వాళ్ళవాడికి ఏడేళ్ళు, వాడికీ జీడిపప్పే శత్రువు. మోరి జీడిపప్పు పేరు చెప్పి గర్వపడే ప్రాంతానికి, పూతరేకులో పప్పు కనపడకపోతే పెట్టినవాళ్ళకి పరువు తక్కువనుకునే చుట్టాల మధ్యకి వాణ్ణి తీసుకురావాలంటే ధైర్యం కావాలి. వాడి నడుముకి ఒక చిన్న సంచీ, అందులో పచ్చ లేబులున్న పెన్నులు రెండు. 15 నుంచి 30 కిలోల లోపు పిల్లలకి 0.15 మిల్లీగ్రాములది, ఆపై బరువుకి పసుపు లేబులుతో 0.3 మిల్లీగ్రాములది.

"ఏరా, ఇంత షాపు పెట్టుకున్నావు, ఇవి ఒక్కటీ ఉండవా?" అంది అక్క.

ఉండవక్కా అన్నాను. అయితే నేర్చుకోండి అని గడువు తీరిన పెన్ను ఒకటి పెట్టెలోంచి తీసి, ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టింది. బత్తాయి కాయ ఒకటి పీట మీద పెట్టాం. నీలం రంగు మూతని నిటారుగా లాగెయ్యాలి. ఆ పైన బొటనవేలు పెన్ను ఏ కొస మీదా పెట్టకూడదు. నారింజ రంగు కొస కిందికి ఉండేలా గుప్పిట్లో పట్టుకుని, తొడ బయటి వైపు గట్టిగా నొక్కాలి. ప్యాంటు మీంచైనా ఫరవాలేదు. టక్కుమని చప్పుడు వినపడ్డాక మూడు అంకెలు లెక్కపెట్టాలి. పైకి తీసేసరికి నారింజ తొడుగు సాగి సూదిని కప్పేసింది. మా పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకుని, "పసివాడి తొడ మీద ఇంత గట్టిగానా తల్లీ" అంది. కాలు కదలకుండా పట్టుకోవాలి పెద్దమ్మా, లేకపోతే సూది చీరేస్తుంది అని నేనందుకున్నాను. కుర్రాడు మాత్రం రోజూ చూసే తంతే అన్నట్టు పక్కన ఫోను చూసుకుంటున్నాడు.

బత్తాయి కోస్తే లోపల ఒక తొన మాత్రం తడిసి ఉంది. పెన్నులో మందు ఇంకా చాలా మిగిలింది. అది అలాగే చేస్తారు: లోపల 2 మిల్లీలీటర్లు పోసి, 0.3 మాత్రమే బయటికొచ్చేలా. మిగిలినదాన్ని మళ్ళీ వాడలేం.

ఈ పెన్ను పుట్టింది పల్లీలు, జీడిపప్పుల కోసం కాదు. అమెరికా సైనికులు నరాల మీద పనిచేసే విషవాయువు బారినపడితే తమకు తాము విరుగుడు పొడుచుకోడానికి షెల్డన్ కప్లాన్ అనే ఇంజనీరు బృందం 1970లలో తయారుచేసిన పరికరం దీనికి తల్లి. అందులోనే అడ్రినలిన్ నింపి 1987లో ఎపిపెన్‌గా అనుమతి తెచ్చుకున్నారు. 2007లో మైలాన్ కంపెనీ చేతికి వచ్చేటప్పటికి రెండు పెన్నుల పెట్టె వంద డాలర్ల ప్రాంతంలో ఉండేది. 2016కి ఆరువందలు దాటింది. మందు మారలేదు, మోతాదు మారలేదు. ఆ ఏడు సెప్టెంబర్లో మైలాన్ అధిపతి హెదర్ బ్రెష్‌ని అమెరికా ప్రతినిధుల సభ సంఘం పిలిపించి నిలదీసింది. డిసెంబరుకల్లా అదే కంపెనీ అదే పెన్నుని పేరు తీసేసి సగం ధరకి అమ్మింది. 2018లో టెవా కంపెనీ వాళ్ళ జెనెరిక్కి అనుమతి వచ్చింది.

నాలాంటి చిల్లర వ్యాపారికి ఇందులో కనపడేది ఒకటే. అన్ని వందల డాలర్లలో మందు వాటా చాలా కొద్ది. తక్కినదంతా స్ప్రింగుకీ, ఆ స్ప్రింగు తప్పకుండా పనిచేస్తుందన్న హామీకీ. ఆ హామీ విలువ లేనిదని అనను. దాని సంగతి మళ్ళీ వస్తాను.

షాపు ముందు జరిగింది

ఒక మధ్యాహ్నం కొబ్బరి దింపు చేసే ఒకాయన షాపుకి వచ్చాడు. చెట్టు మీద కందిరీగలు కుట్టాయి. తోటలో ఎవరో సున్నం రాశారు. దురదకి బిళ్ళ ఇవ్వమన్నాడు. నాకు ముందు కనపడింది ఆయన పెదవి. అప్పటికే ఒక పక్క ఉబ్బి ఉంది. అరచేతులు గోక్కుంటున్నాడు. "గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందండి" అన్నాడు, ఆ మాట కూడా బొంగురుగా వచ్చింది.

బెంచీ మీద పడుకోబెట్టాను. పక్క హోటలాయన పరిగెత్తుకొచ్చి, లేపి కూర్చోబెట్టండి, సోడా పట్టండి అంటాడు. మన దగ్గర ఎవరికి కళ్ళు తిరిగినా ఇదే వరస: లేపి కూర్చోబెట్టడం, మంచినీళ్ళు, చుట్టూ జనం, ఆటో దాకా నడిపించడం. అనఫిలాక్సిస్‌లో, అంటే ఒళ్ళంతటినీ కుదిపేసి ప్రాణం మీదకి తెచ్చే ఎలర్జీలో, రక్తనాళాలు సడలిపోయి బీపీ పడిపోతుంది. అలాంటి మనిషిని ఒక్కసారి నిటారుగా లేపితే గుండెకి తిరిగొచ్చే రక్తమే ఉండదు. రిచర్డ్ పంఫ్రీ అనే బ్రిటిష్ వైద్యుడు ఇలా లేచి కూర్చున్న కొద్ది సేపట్లోనే పోయినవాళ్ళ గురించి 2003లో రాశాడు. పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టాలి. ఊపిరి అందకపోతే వీపుకి ఆసరా ఇవ్వచ్చు, అంతే.

ఆ పంఫ్రీయే 2000లో మరో లెక్క తీశాడు. బ్రిటన్‌లో అనఫిలాక్సిస్‌తో పోయినవాళ్ళలో ఊపిరి కానీ గుండె కానీ ఆగడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే, తిండి వల్లైతే 30 నిమిషాలు, పురుగు కుట్టడం వల్లైతే 15, ఇంజెక్షన్‌గా ఎక్కించిన మందు వల్లైతే 5. కందిరీగకి పదిహేను నిమిషాలు. ఆయన చెట్టు దిగి, సున్నం రాయించుకుని, సైకిలు తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికే అందులో చాలా భాగం అయిపోయి ఉంటుంది.

నా వెనక అరలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, అడ్రినలిన్ ఆంప్యూళ్ళున్నాయి. సిరంజీలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వడానికి లేదు, నా చేత్తో పొడవడానికి అసలే లేదు. ఆటో మాట్లాడి, వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకి తీసుకుపోయాం.

అక్కడ జరిగింది చెప్తే ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ముందు ఏవిల్ వేశాడు, దురద తగ్గించే ఇంజెక్షన్. ఆ తర్వాత హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్. ఆ తర్వాత సెలైన్. బీపీ చూస్తే అందలేదు. అప్పుడు మేడ మీంచి పెద్ద డాక్టరు గారు దిగి, నర్సు చేతిలోంచి సిరంజీ తీసుకుని తొడలోకి అర మిల్లీలీటరు అడ్రినలిన్ వేశారు. కొద్ది నిమిషాల్లో ఆయన మొహంలోకి రంగు వచ్చింది. "చేతులు వణుకుతున్నాయండి, గుండె కొట్టుకుంటుందండి" అన్నాడు. కొట్టుకోవాలయ్యా, అందుకే వేసింది అన్నారు పెద్దాయన.

బయటికొచ్చాక కుర్ర డాక్టర్ని నెమ్మదిగా అడిగాను, అది ముందే వెయ్యచ్చు కదండీ అని. "యాభై ఏళ్ళ మనిషి, గుండెకి ఏమైనా అయితే?" అన్నాడు. ఆ భయం ఎక్కణ్ణించి వస్తుందో నాకు తెలుసు. అడ్రినలిన్ అంటే గుండె ఆగినప్పుడు ఇచ్చే మందని మనసులో నాటుకుపోయింది. నరంలోకి ఎక్కువ మోతాదులో గబుక్కున ఎక్కిస్తే గుండె లయ తప్పడం నిజమే. తొడ కండరంలోకి కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దవాళ్ళకైనా 0.5 దాటకుండా వేసేది వేరే సంగతి. దడ, వణుకు, మొహం పాలిపోవడం కాసేపుండి పోతాయి. అనఫిలాక్సిస్‌లో ఈ మందు బొత్తిగా ఇవ్వకూడని మనిషంటూ లేడనే ప్రపంచంలోని మార్గదర్శకాలన్నీ చెప్పేది. ఏవిల్ కానీ సెట్రిజిన్ కానీ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు, పడిపోయిన బీపీని ఎత్తలేవు. స్టెరాయిడ్ పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. మన దగ్గర ఆర్‌ఎంపీ నుంచి కార్పొరేట్ దాకా చేతికి అలవాటైన వరస మాత్రం ఏవిల్, డెకడ్రాన్ అనే స్టెరాయిడ్, ఆ తర్వాతే తక్కినవి.

ఇక్కడ పెన్ను ఉండి ఉంటే ఏమయ్యేది? డ్యూటీ డాక్టరు దగ్గర ఆంప్యూలూ సిరంజీ చదువూ అన్నీ ఉన్నాయి. లేనిది ఇదే మొదటి మందు అన్న నమ్మకం. స్ప్రింగు ఆ నమ్మకాన్ని ఇవ్వదు.

లంకల్లోకి వెళ్ళే సంచీ

2021లో కోవిడ్ టీకా వేయించుకున్నాక అరగంట కూర్చోబెట్టారు, గుర్తుందా? చాలామంది అది కళ్ళు తిరుగుతాయేమోనని అనుకున్నారు. నేను టీకా వేయించుకున్న చోట ఒక పెద్దాయన టీ ఇస్తారేమోనని చూశాడు. ఆ అరగంట అసలు అనఫిలాక్సిస్ కోసం. టీకా వేసే ప్రతిచోటా ఏఎన్ఎం దగ్గర ఒక చిన్న కిట్టుండాలి. అందులో అడ్రినలిన్ ఆంప్యూళ్ళు, ఒక మిల్లీలీటరు సిరంజీలు, అంగుళం పొడవు సూదులు, దూది, వయసు వారీ మోతాదు రాసిన కాగితం. టీకా తర్వాత అనఫిలాక్సిస్ అనిపిస్తే డాక్టరు కోసం చూడకుండా ఒక డోసు తొడలోకి వేసి, వెంటనే ఆసుపత్రికి పంపమని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే ఏఎన్ఎంకి చెప్తున్నాయి.

మా వైపు బుధ, శనివారాలు టీకాల రోజులు. గోదారి పాయ దాటి లంకల్లోకి వెళ్ళే సిస్టర్ ఒకావిడ అప్పుడప్పుడు షాపుకి వస్తారు. పడవ దాటి, గట్టెక్కి, ఏ చింతచెట్టు కిందో కూర్చుని టీకాలు వేసే మనిషి. వరదలప్పుడు అటు 108 కూడా రాలేదు. ఒకసారి ఆ కిట్టు చూపించమంటే, "చూడండి అన్నయ్యగారూ" అని బల్ల మీద పరిచారు. మోతాదు కాగితం ఎంత సులువుగా ఉందంటే, ఏడాది లోపు పిల్లలకి 0.05 మిల్లీలీటర్లు, ఆరేళ్ళ దాకా 0.1, పన్నెండేళ్ళ దాకా 0.2, పద్ధెనిమిది దాకా 0.3, పెద్దలకి 0.5. బరువు తూచక్కర్లేదు, లెక్క కట్టక్కర్లేదు. ఎప్పుడైనా వేశారా అంటే, "లేదండి, ఆ అవసరం రాకూడదనే దణ్ణం పెట్టుకుంటానండి. వస్తే మాత్రం వేస్తాను. చేసి చూపించి మరీ నేర్పారు" అన్నారు.

కందిరీగ కుట్టినాయన ఆ రోజు ఆ చింతచెట్టు కిందకి వెళ్ళి ఉంటే, ఆవిడ చేతిలో అన్నీ ఉండి కూడా అనుమతి మాత్రం టీకా వికటించినవాళ్ళకే. తల్లి ఒళ్ళో పసివాడికి వెయ్యగలిగిన చెయ్యి, పక్కనే ఆగిపోయే ఊపిరికి వెయ్యకూడదా?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీ అని ఉంది, సియాటిల్ ఉండే జిల్లా. అంబులెన్సుల కోసం కొనే పెన్నుల ఖర్చు భరించలేక 2014లో వాళ్ళు పెన్నులు మానేశారు. సీసా, సిరంజీ ఉన్న కిట్టు తయారుచేసి, ప్రథమ చికిత్స చేసే ఉద్యోగులకి మందు లాగడం, తొడలో వెయ్యడం నేర్పారు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రమూ ఆ దారి పట్టింది. వాళ్ళకి కొత్తగా తట్టిన ఆ ఉపాయం మా సిస్టర్ గారి సంచీలో ఉంది. మా గ్రూపులో మాత్రం ఇంకా పెన్ను ఫోటోలు తిరుగుతున్నాయి.

నాకు అడ్డొచ్చేవి

ఇంతవరకూ చదివి, అయితే ప్రతి స్కూలుకీ ఆంప్యూలూ సిరంజీ ఇచ్చేస్తే సరి అనుకుంటారేమో. అంత సులువు కాదు. నా వాదనని గట్టిగా తన్నేది ఒక కెనడా అధ్యయనం. 2001లో ఎస్టెల్ సైమన్స్ బృందం తల్లిదండ్రుల చేతికి ఆంప్యూల్, సిరంజీ ఇచ్చి చంటిపిల్లల మోతాదు లాగమంది. ఎమర్జెన్సీ నర్సులకి అరనిమిషం పట్టిన పనికి తల్లిదండ్రులకి సగటున 142 సెకన్లు పట్టింది. అంతకన్నా కంగారు పెట్టే సంగతి, వాళ్ళు లాగిన మందులో అతి తక్కువకీ అతి ఎక్కువకీ 40 రెట్లు తేడా వచ్చింది. అదీ పిల్లాడికి ఏమీ కాని మామూలు గదిలో కూర్చుని. నిజంగా కళ్ళ ముందు బిడ్డ ఊపిరి తీసుకోలేకపోతుంటే ఆ చేతులు ఇంకెంత వణుకుతాయో.

కౌంటరు వెనకనుంచి చూసేవాడిగా నేను ఇంకోటి కలుపుతాను. మన ఇళ్ళలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఎందరో. మా బామ్మే తన పొట్టకి తాను పొడుచుకుంటుంది, వీళ్ళెందుకు వెయ్యలేరు అని చాలామంది అంటారు. నేనూ ఆ మాట అనాలనుకున్నవాణ్ణే. కానీ ఇన్సులిన్ సిరంజీకి అతికించి ఉండే సూది పొట్టిది. చర్మం కిందికి పోతుంది, కండరంలోకి పోదు. చర్మం కింద వేసిన అడ్రినలిన్ రక్తంలో పతాక స్థాయికి చేరడానికి పిల్లల్లో సగటున 34 నిమిషాలు పట్టింది, తొడ కండరంలో వేస్తే 8. ఇదీ సైమన్స్ బృందం కొలిచి చెప్పిందే, 1998లో. అందుకే ప్రభుత్వ కిట్టులో ఇన్సులిన్ సిరంజీ వాడినా సూది అతికించనిది వాడి, విడిగా అంగుళం సూది తగిలించమంటారు. ఇంకో చిక్కు, బజార్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజీలున్నాయి. ఎర్రమూతది 40 యూనిట్ల రకం, నారింజ మూతది 100 యూనిట్ల రకం. మొదటిదాంట్లో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు. రెండోదాంట్లో అదే 20 గీతకి 0.2 మాత్రమే. ఇన్సులిన్ కొనేవాళ్ళకే రోజూ ఈ తేడా చెప్పి పంపుతుంటాను. కంగారులో ఉన్న పీఈటీ మాస్టారికి ఎవరు చెప్తారు?

అందుకని ఏ శిక్షణా లేని చేతికి పెన్నే మంచిది, అందులో నాకు అనుమానం లేదు. నిర్ణయం ఒక్కటే మనిషికి వదిలి, తక్కిన పనంతా తనే చేసుకునే వస్తువది. ఎలర్జీ ఉందని ముందే తేలిన పిల్లలుండి, స్తోమతున్నవాళ్ళు తెప్పించుకోవాలి. డాక్టరు చీటీ జతచేసి ఫారం 12ఏ పెట్టుకుంటే సొంత వాడకానికి దిగుమతి చేసుకునే 12బీ పర్మిట్టు ఇస్తారు. ఆ పాప తల్లికి నేను విడిగా ఫోన్ చేసి చెప్పింది కూడా ఇదే. పెన్ను పాప సంచీలో ఉండాలి, స్కూలు బీరువాలో కాదు. పాపకి ఒకటి కాదు, రెండు ఉండాలి. మొదటిది వేసిన 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది కావాలి. తగ్గినా ఆసుపత్రికి వెళ్ళి కొన్ని గంటలు ఉండాలి, కొందరికి ఒకసారి సద్దుమణిగాక మళ్ళీ తిరగబెడుతుంది.

ఎండ సంగతీ చెప్పాను. పెన్నుని 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచమంటుంది కంపెనీ, 15 నుంచి 30 దాకా కాసేపు ఓర్చుకుంటుంది. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం స్కూలు బస్సులో సంచీ ఎంత వేడెక్కుతుందో తెలిసినవాళ్ళకి ఇది చదివితే నవ్వొస్తుంది. ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. ఏడాది, ఏడాదిన్నరకి గడువైపోతుంది. గడువు తీరినదాంట్లోనూ మందు చాలావరకు నిలిచే ఉంటుందని కాలిఫోర్నియా పరిశోధకులు 2017లో చూపించారు కాబట్టి, వేరేది లేనప్పుడు, రంగు మారకపోతే, పాతదైనా వెయ్యడమే మేలు.

పెన్ను ఉన్నా దక్కని ప్రాణాలూ ఉన్నాయి. 2016లో నటాషా ఎడ్నాన్-లపెరూజ్ అనే పదిహేనేళ్ళ లండన్ అమ్మాయి విమానాశ్రయంలో కొన్న బగెట్‌లో నువ్వులున్నాయని తెలియక తింది. విమానంలో తండ్రి రెండు పెన్నులూ వేశాడు. అయినా దక్కలేదు. ఆమె పేరుతో 2021 అక్టోబర్లో వచ్చిన చట్టం పెన్నుల గురించి కాదు, పొట్లం మీద ఏమేం కలిపారో రాయడం గురించి. మన స్వీటు షాపులో బర్ఫీ అట్ట మీద జీడిపప్పు ఉందో లేదో రాసి ఉంటుందా? పనీరు కూరలో ఆ చిక్కదనం ఎక్కణ్ణించి వచ్చిందో హోటల్లో వడ్డించే కుర్రాడు చెప్పగలడా? అది మరో వ్యాసమంత సంగతి.

ఇప్పుడు ముక్కులో కొట్టుకునే అడ్రినలిన్ స్ప్రే కూడా వచ్చింది. 2024 ఆగస్టులో అమెరికా అనుమతిచ్చింది. సూదే లేదు కాబట్టి భయం సగం పోతుంది. మనదాకా, మనం కొనగల ధరకి వచ్చిన రోజున ఈ గోలంతా పాతబడిపోతే నాకు సంతోషమే.

అందాకా మధ్యేమార్గం ఒకటుంది. మోతాదు ముందే లాగి, మూత బిగించి, వెలుగు తగలకుండా పెట్టిన సిరంజీ. థాయిలాండ్ వైద్యులు ఇలా నింపిన సిరంజీల్లో మందు మూడు నెలల దాకా పాడవకుండా ఉందని 2010లో చూపించారు. మూడు నెలలకోసారి పీహెచ్‌సీలో మార్చుకుంటే లాగే కంగారు ఉండదు, గీతల తికమక ఉండదు. స్కూలుకి రెండు మోతాదులు చాలు, చిన్నపిల్లలకొకటి, పెద్దపిల్లలకొకటి.

పేపర్లో పడే వార్త

ఇదంతా చెప్పినా హెచ్‌ఎం గారు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణానికి నా దగ్గర సమాధానం లేదు. "ఇంజెక్షన్ వికటించి విద్యార్థి మృతి అని జిల్లా ఎడిషన్లో పడిందనుకోండి, నా గతేంటి?" అన్నారు.

అలాంటి వార్తలు మనం చదువుతూనే ఉంటాం. జ్వరమని వెళ్తే సూది వేశారు, కాసేపటికి పోయాడు, బంధువుల ఆందోళన, అద్దాలు పగిలాయి. వాటిలో కొన్నైనా ఆ సూదిమందే పడక వచ్చిన అనఫిలాక్సిస్ అయి ఉంటాయని, అడ్రినలిన్ వెంటనే వేసి ఉంటే కొందరు బతికేవాళ్ళేమోనని నాకనిపిస్తుంది. కానీ ఆ కథల్లో జనం గుర్తుపెట్టుకునేది ఆఖరి సూదినే. చావుకి ముందు ఏ చెయ్యి కనపడితే ఆ చెయ్యి మీద నింద. వెయ్యకుండా చేతులు కట్టుకున్నవాణ్ణి ఎవరూ అడగరు. కుర్ర డాక్టరు ఏవిల్‌తో మొదలుపెట్టడం వెనక కూడా ఈ లెక్క కొంత ఉంది. ఏవిల్ వేశాక మనిషి పోతే విధి, అడ్రినలిన్ వేశాక పోతే డాక్టరు.

ఇంగ్లండ్‌లో 2017 అక్టోబరు నుంచి స్కూళ్ళు చీటీ లేకుండానే అదనపు పెన్నులు కొని పెట్టుకోవచ్చని నిబంధన మార్చారు. అమెరికాలో స్కూళ్ళలో అడ్రినలిన్ ఉంచి, సిబ్బందికి శిక్షణిచ్చి, వాళ్ళకి చట్టపరమైన రక్షణ కల్పించే రాష్ట్రాలని ప్రోత్సహిస్తూ 2013లో చట్టం చేశారు. రెండుచోట్లా పెన్నుతో పాటు ఒక కాగితం వచ్చింది. మన దగ్గరా అలాంటి ఆలోచన లేకపోలేదు. రోడ్డు ప్రమాదంలో పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళని కేసుల్లోకి లాగకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు. రోడ్డు మీద ఇచ్చిన అండ స్కూలు వరండాలో, హాస్టల్ భోజనాల గదిలో, ఉపాధి హామీ పని జరిగే చెరువు గట్టు మీద ఎందుకు ఇవ్వకూడదు? తేనెటీగలు దాడి చేసేది ఆ గట్టు మీదే కదా.

గ్రూపులో పోగైన చందా డబ్బు గురించి నేను చెప్పిందీ ఇదే. పెన్ను వద్దు. సిస్టర్ గారిని ఒక శనివారం మధ్యాహ్నం స్కూలుకి పిలిపిద్దాం. ఎలా గుర్తుపట్టాలో టీచర్లకి చెప్పమందాం. దద్దుర్లతో పాటు ఊపిరి కానీ, గొంతు కానీ, వాంతులు కానీ, కళ్ళు తిరగడం కానీ కలిస్తే బిళ్ళతో ఆగకూడదని, కొందరికి దద్దుర్లు రాకుండానే మొదలవుతుందని. ఎలా పడుకోబెట్టాలో చూపించమందాం. స్కూలు నుంచి అడ్రినలిన్ ఉన్న దగ్గరి చోటు ఏది, రాత్రి కూడా తెరిచి ఉంటుందా, ఫోన్ నంబరేమిటి అన్నది నోటీసు బోర్డు మీద రాయిద్దాం. ఇందులో వేటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. సూది సంగతికి మాత్రం అనుమతి కావాలి.

హెచ్‌ఎం గారు శిక్షణకి సరేనన్నారు. సిరంజీ దగ్గరికి వచ్చేసరికి డీఈఓ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా రావాలన్నారు. అక్కడ అడిగితే ఇది వైద్యశాఖ పని, డీఎంహెచ్‌ఓ గారిని అడగండన్నారు. ఆ ఆఫీసులో గుమస్తా అర్జీ చదివి, మార్గదర్శకాల్లో ఏఎన్ఎం అనే ఉందండీ, టీచరని లేదు కదా అన్నాడు. లేదనే కదా బాబూ ఈ అర్జీ అన్నాను. స్టాంపు వేసి తీసుకున్నాడు.